ఆవేశంలో చేసిన చట్టమా, విని చేసిన చట్టమా? సిరోంచ ఓటరుకు ఏది మేలు

సిరోంచ తాలూకాలోని తెలుగువారు టీవీలో చూసేది హైదరాబాదు వార్తలు, ఓటు వేసేది గడ్చిరోలి జిల్లా అహేరి స్థానానికి, వారికి వర్తించే చట్టాలు చేసేది మహారాష్ట్ర శాసనసభ. అందువల్ల నది అవతల, తెలంగాణలో, ఒక దారుణం జరిగితే ఇక్కడి తల్లిదండ్రులకు కూడా నిద్ర పట్టదు. ఆ భయం ఎన్నికల మాటగా మారినప్పుడు నాయకులు ఎలా స్పందించారో చూస్తే, 2012 నుంచి ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి.

మొదటిది శిక్షను పెంచే దారి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించగా, జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. సరిగ్గా వారం తిరిగేసరికి, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. దాని ప్రకారం ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ ముగియాలి. అత్యాచారానికి మరణశిక్ష విధించవచ్చు. ఘటన తెలంగాణలో జరిగితే చట్టం ఆంధ్రప్రదేశ్ చేసింది. దాన్ని అధ్యయనం చేయడానికి 2020 ఫిబ్రవరిలో మహారాష్ట్ర హోం మంత్రి అనిల్ దేశ్‌ముఖ్ అక్కడికి వెళ్లారు. అలా పుట్టిన శక్తి బిల్లు 2020 డిసెంబరులో సభ ముందుకు వచ్చి, ఉభయసభల సంయుక్త కమిటీ పరిశీలన తర్వాత 2021 డిసెంబరులో ఏకగ్రీవంగా నెగ్గింది. కమిటీ చేతిలో దర్యాప్తు గడువు పదిహేను రోజుల నుంచి ముప్పై రోజులకు పెరగడం గమనించదగ్గ విషయం: తొందర తగ్గి, దర్యాప్తు చేసేవాడి కష్టం కొంత కాగితం మీదికి వచ్చింది.

అయితే నేర చట్టం ఉమ్మడి జాబితాలోని అంశం, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగలది. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం రాసుకున్న నిబంధన చెల్లాలంటే రాజ్యాంగం 254(2) అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. దిశకు గానీ శక్తికి గానీ అది దొరకలేదు. ఈలోగా 2024 జులై 1న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చి, ఆ బిల్లులు సవరించదలచిన పాత చట్టమే పోయింది. రాష్ట్రపతి ఆమోదం అనే ఈ అడ్డంకి బిల్లు పెట్టిన రోజే సభ్యులందరికీ తెలుసు; తెలిసీ ప్రజలకు చెప్పకపోవడాన్నే నేను తప్పు పడతాను. ఆంధ్రప్రదేశ్‌లో జనానికి నిజంగా అందినవి దిశ పోలీసు స్టేషన్లు, దిశ యాప్. వాటికి ఆ చట్టంతో పనే లేదు. ఇక కాల్పుల సంగతి చూస్తే, సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో తేల్చింది.

రెండో దారి 2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార (నిర్భయ) ఘటన తర్వాత కనిపించింది. కోపం అప్పుడు ఇంతకంటే తక్కువేమీ కాదు. కేంద్రం జస్టిస్ జె.ఎస్. వర్మ నేతృత్వంలో కమిటీ వేసింది. అది ప్రజల నుంచి దాదాపు 80,000 సూచనలు తీసుకొని, నెల రోజుల్లోనే నివేదిక ఇచ్చింది. వినడమంటే ఆలస్యం చేయడమేనన్న వాదనకు ఇదే జవాబు. కమిటీ మరణశిక్ష వద్దంది. ప్రభుత్వం మాత్రం బాధితురాలు చనిపోయిన లేదా జీవచ్ఛవంగా మిగిలిన సందర్భాలకు దాన్ని చేర్చింది. కోపానికి ఆ మేరకు తలవంచింది. అయినా 2013 సవరణలో అసలు విలువైనది మరొకటి ఉంది: లైంగిక నేరాల ఫిర్యాదును నమోదు చేయని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. ఇప్పుడది న్యాయ సంహితలో 199వ సెక్షన్.

సరిహద్దు మనిషికి ఇదెంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. నేరం నదికి అటు గట్టున జరిగి, బాధితురాలు ఇటు గట్టున ఉంటే, "మా పరిధి కాదు" అనే ఒక్క మాటతో రెండు ఠాణాలూ చేతులు దులుపుకోవచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలన్న వర్మ కమిటీ మాట ఇప్పుడు నేర విచారణ పద్ధతి చట్టమైన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. అదే మొదటి దారిలో ఉరిశిక్ష పడిందే అనుకుందాం. దాన్ని నాగపూర్‌లోని హైకోర్టు ధర్మాసనం ధ్రువీకరించాలి, ఆపై అప్పీళ్లు. ఢిల్లీ కేసులో తొమ్మిది నెలల్లోనే ట్రయల్ కోర్టు తీర్పు వచ్చినా, శిక్ష అమలైంది 2020 మార్చి 20న.

ప్రజల భయానికి స్పందించడమే శాసనకర్త పని అనుకుంటే చేతబడి దగ్గర చిక్కు వస్తుంది. గడ్చిరోలి పల్లెల్లో జబ్బో చావో వస్తే అనుమానం ఒక ముసలామె మీద పడుతుంది. అక్కడ భయపడే ఓటర్లు ఎక్కువమంది, వారి భయానికి బలయ్యేది ఒక్కరు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ ఏళ్ల తరబడి అడిగినా కదలని చేతబడి నిరోధక చట్టం, 2013 ఆగస్టు 20న ఆయన హత్య తర్వాత కొద్ది రోజుల్లో ఆర్డినెన్సుగా వచ్చి, డిసెంబరులో శాసనసభ ఆమోదం పొందింది. ఆగ్రహం వల్ల మేలు జరగదని అనలేం. కాకపోతే ఇక్కడ ఆ ఆగ్రహానికి అందుకోవడానికి ముందే తయారై ఉన్న ముసాయిదా దొరికింది. ఆరు నెలల నుంచి ఏడేళ్ల శిక్షతో పాటు, ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని పోలీసును నిఘా అధికారిగా నియమించే ఏర్పాటు కూడా అందులో ఉంది.

కాబట్టి నా మొగ్గు రెండో దారివైపే. బిల్లు మంచిచెడ్డలు చూడటానికి నేను అడిగేది ఒక్కటే: ఇది నెగ్గిన మర్నాడు ఏ అధికారి ఏ కొత్త పని చేయాలి? శక్తి బిల్లుకు ఆ మర్నాడు రాలేదు. జీరో ఎఫ్‌ఐఆర్ విషయంలో ఆ అధికారి ఠాణాలో కూర్చున్న ఉద్యోగే. ఈసారి ఓట్లడగడానికి వచ్చే అభ్యర్థిని తాలూకాలో చేతబడి చట్టం కింద నిఘా అధికారి ఎవరో, ఆ పేరు ఏ ఠాణా గోడ మీద రాసి ఉందో అడగవచ్చు.