పిచ్ టెస్టింగ్ ల్యాబ్: పని బాగుంది, రిపోర్టే తికమక

విశాఖలో ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి కోల్‌తార్ పిచ్ శాంపిల్ ఇచ్చాను, పేరు చెప్పను. ఈ బొగ్గు తారు డిస్టిల్ చేస్తే నాఫ్తలీన్ 218 డిగ్రీల దగ్గర, ఆపైన ఆంత్రసీన్ ఆయిల్ పోయాక అడుగున మిగిలే నల్లటి గట్టి ముద్దే పిచ్, అసలు కథంతా అందులోనే ఉంటుంది. వీళ్లు మొదట జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే శాంపిల్‌ని ఆవిరి చేసి అందులోని పదార్థాలను విడదీసి చూసే పరీక్ష) రిపోర్ట్ ఒకటే చేతిలో పెట్టారు. బాబూ, ఆవిరే కాని బరువైన అణువులు జీసీలో ఎలా కనిపిస్తాయి? ఫోన్ చేసి అడిగితే అప్పుడు సాల్వెంట్లతో విడదీశారు, టొలీన్‌లో కరగనిది ఎంత, వేడి క్వినోలిన్‌లో కూడా కరగనిది ఎంత అని.

ఈ పని మాత్రం శ్రద్ధగా చేశారు. ఫిల్టర్ మీద మిగిలిన మసిలాంటి పొడిని చూపించారు కూడా, ఆ క్వినోలిన్ కంపు మాత్రం సాయంత్రం దాకా చొక్కాని వదల్లేదు. కానీ రిపోర్టులో టొలీన్ అంకె 8, క్వినోలిన్ అంకె 31! క్వినోలిన్‌లో కరగనిది టొలీన్‌లోనూ కరగదు కదా, మరి మొదటిది తక్కువెలా అవుతుంది? టైపింగ్‌లో తారుమారైందట. సరిచేస్తే తేడా 23 శాతం, అదే బీటా రెజిన్, కార్బన్ పొడిని అతికించే జిగురు. నాకు కావాల్సింది అదే.

అయిదుకి మూడు స్టార్లు. మళ్లీ ఇస్తాను, కానీ రిపోర్ట్ అక్కడే నిలబడి చదువుకున్నాకే డబ్బులు కడతాను.