పాత ఎంక్వయిరీల పేరుతో వచ్చే కాల్స్: ప్రచారం కాల్స్ ఆపించుకునే 1909 నంబర్ వాడి చూశాక నా మాట

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. చీరలకు ఫాల్, జిగ్‌జాగ్ కూడా చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కొత్తవాళ్లే. ఎవరో నా నంబర్ ఇస్తే ఫోన్ చేస్తారు. అందుకే తెలియని నంబర్ అని ఎత్తకుండా ఉండలేను. ఒక్క కాల్ వదిలేస్తే ఒక పెళ్లి ఇంటి పని మొత్తం పోవచ్చు.

2022లో తిరుపతి జిల్లా అయిన కొత్తలో ఊరంతా ప్లాట్ల మాటే. ఆ వేసవిలో పిల్లల్ని తీసుకుని ఎగ్జిబిషన్‌కి పోతే, ఒక స్టాల్ దగ్గర ఉన్న అబ్బాయి "లక్కీ డ్రా అక్కా, పేరు, నంబర్ రాయండి చాలు" అన్నాడు. రాసిచ్చాను. రేణిగుంట వైపు అంకణం (మా దగ్గర స్థలం కొలత) ఎంత పలుకుతోందని ఒక్క మాట అడిగాను కూడా. అంతే, ఆ చీటీ నన్ను ఇప్పటికీ వదల్లేదు. "మేడమ్, మీరు ప్లాట్ గురించి ఎంక్వయిరీ చేశారు కదా" అంటూ మొదలుపెడతారు. ఆ మాట వింటే ఎవరికైనా ఆగాలనిపిస్తుంది, నిజంగానే అడిగాం కదా అని. వాళ్లకు కావలసిన అర నిమిషం అక్కడే దొరికిపోతుంది. వాట్సాప్‌లో అయితే ఒకామె, నేను అప్పుడెప్పుడో పెట్టిన "రేటు ఎంత" అన్న మెసేజ్‌నే పైకి తెచ్చి, దానికే జవాబుగా కొత్త వెంచర్ ఫోటోలు పెట్టింది.

పోయిన శ్రావణమాసంలో జరిగింది చెబుతాను. ధర్మవరం పట్టుచీర, పెళ్లికూతురు అమ్మది. చీరతో వచ్చిన ముక్కే బ్లౌజుకి. అది పాడైతే అదే రంగు, అదే అంచు మళ్లీ ఎక్కడా దొరకదు. చాక్‌పీసుతో గీసిన వెనక మెడ గీత మీద కత్తెర నడుస్తోంది. టేబుల్ మీద ఫోన్ మోగింది. ఆ రోజు ఉదయం నుంచి ఇంకో పెళ్లివాళ్ల కాల్ కోసం చూస్తున్నాను, చూపు అటు పోయింది. కత్తెర భుజం వైపు అర అంగుళం లోపలికి కోసేసింది. ఎత్తితే, "మేడమ్, మీరు ప్లాట్ గురించి..." నాకు చేతులు వణికాయి. అంచులో మిగిలిన పీలిక అతికి, పైపింగ్ వేసి, రాత్రి పన్నెండు దాకా కూర్చుని సరిచేశాను. చీర ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, కుట్టుకూలి తీసుకోలేదు. ఆమె మంచిది కాబట్టి సరిపోయింది.

మా పాప డిగ్రీ చదువుతోంది. ఆ రాత్రే నా ఫోన్ తీసుకుని 1909కి మెసేజ్ పెట్టింది. ఇంగ్లీషులో స్టార్ట్ అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, సున్నా పెడితే ప్రచారం కాల్స్, మెసేజ్‌లు అన్నీ వద్దని చెప్పినట్టు. దీన్నే డీఎన్‌డీ, అంటే "డిస్టర్బ్ చేయొద్దు" అంటారు. రియల్ ఎస్టేట్ ఒక్కటే వద్దనుకుంటే దానికి విడిగా అంకె ఉంది, బ్యాంకులు, చదువులు, ఆరోగ్యం ఇట్లా ఒక్కోదానికి ఒక్కోటి. పైసా ఖర్చు లేదు. ఓటీపీలు, బ్యాంకులో డబ్బు పడిన మెసేజ్‌లు ఆగవు. ఆ భయం వల్లే చాలామంది పెట్టుకోరు, అందుకే చెబుతున్నాను.

రిజిస్టర్ చేయించుకుని పద్ధతిగా పంపే కంపెనీల విషయంలో ఇది బాగా పనిచేసింది. నగల షాపులు, కోచింగ్ సెంటర్ల మెసేజ్‌లు వారం తిరిగేసరికి దాదాపు లేవు. 140తో మొదలయ్యే నంబర్లు ప్రచారానికే ఇచ్చినవి, అవీ తగ్గాయి. కానీ నన్ను పీడించేవాళ్లు మామూలు పది అంకెల సిమ్‌తో చేస్తారు. వాళ్ల ఫోన్ దానంతట అది ఆగదు, మనం ఫిర్యాదు పెట్టాలి. చాలామంది ఈ తేడా తెలియకే "డీఎన్‌డీ పెట్టినా లాభం లేదు" అని వదిలేస్తున్నారు.

ఫిర్యాదు కూడా 1909కే. వాళ్లు ఏం చెప్పారో ముక్కలో రాసి, కామా పెట్టి వాళ్ల నంబర్, మళ్లీ కామా పెట్టి తేదీ. ఇదివరకు మూడు రోజుల్లోపు పెట్టాల్సి ఉండేది, 2025 ఫిబ్రవరిలో ఫోన్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు మార్చాక ఏడు రోజులు. ఇట్లాంటి సొంత సిమ్‌ల మీద ఫిర్యాదు చేయడానికి ముందుగా డీఎన్‌డీలో పేరు ఉండాలన్న షరతు కూడా ఇప్పుడు లేదు. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనూ పెట్టొచ్చు, కాల్ లిస్టులోంచి నంబర్ ఎంచుకుంటే సరిపోతుంది. నాకు మాత్రం మెసేజే తేలిక.

నా మొదటి ఫిర్యాదుకు నంబర్ వచ్చింది. నాలుగో రోజు నా సిమ్ కంపెనీ నుంచి "మీ అనుమతితోనే కాల్ వచ్చింది, ఫిర్యాదు ముగించాం" అని జవాబు. నాకు చాలా బాధనిపించింది. నన్ను ఒక్క మాట అడగకుండా అనుమతి ఇచ్చానని ఎట్లా రాస్తారు? పాప నిబంధనలు చదివి చెప్పింది. ఏదైనా లావాదేవీ నడుస్తుండగా, అది పూర్తి కావడానికి మనం ఇచ్చిన అనుమతి ఏడు రోజులే చెల్లుతుందట. మరి మూడేళ్ల కిందటి లక్కీ డ్రా చీటీ ఏ లెక్కన అనుమతి అవుతుంది? తర్వాతి కాల్‌కి "నేను అనుమతి ఇవ్వలేదు" అని స్పష్టంగా రాసి పెట్టాను. అది తీసుకున్నారు. మీరు కూడా ఆ ముక్క తప్పకుండా రాయండి.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. ఒక నంబర్ మీద పది రోజుల్లో ఐదుగురి నుంచి ఫిర్యాదులు పడితే సిమ్ కంపెనీ కదలాలి. మొదటిసారి తప్పు తేలితే ఆ నంబర్ నుంచి బయటికి పోయే కాల్స్ 15 రోజులు ఆపేస్తారు. మళ్లీ చేస్తే వాళ్ల ఫోన్ కనెక్షన్లన్నీ ఏడాది పాటు కట్. ఇది తెలిశాక మా వీధిలో వాళ్లని అడిగాను. ఎదురింటి వదిన ఫోన్ తీసి చూస్తే అదే నంబర్! పాలు పోసే ఆమెకీ అదే. "నేను ఎగ్జిబిషన్‌కే పోలేదు కదా, నాకెందుకు చేస్తాడు?" అని ఆమె కోపం. మా వరండాలో మిషన్ పక్కన కూర్చుని అందరం ఒకరి ఫోన్ తర్వాత ఒకరిది తీసుకుని మెసేజ్‌లు పెట్టాం. పాలామెకు తేదీ ఎట్లా కొట్టాలో రాకపోతే పాప చూపించింది. ఆ నంబర్ నుంచి మాలో ఎవరికీ మళ్లీ రాలేదు.

చేతకానిది కూడా చెప్పాలి. వాట్సాప్ కాల్స్, మెసేజ్‌లు 1909 పరిధిలోకి రావు. అక్కడ బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టడమే. కేవైసీ అప్‌డేట్, కరెంట్ కట్ అంటూ మోసం చేసేవాళ్ల గురించి కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చక్షు అనే చోట చెప్పాలి, వాట్సాప్‌లో వచ్చినా అక్కడ తీసుకుంటారు. డబ్బే పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇన్ని చోట్లు గుర్తు పెట్టుకోవడం చదువు తక్కువైన మా పాలామెలాంటి వాళ్లకు కష్టం. అన్నిటికీ ఒకే నంబర్ ఉండి, తెలుగులో నోటితో చెబితే రాసుకునేవాళ్లు ఉంటే ఎంత బాగుండేది. అనుమతి ఉందని చెప్పే కంపెనీ ఆ కాగితం మనకు చూపించాకే ఫిర్యాదు ముగించాలి. ఈ రెండూ లేవు కాబట్టి ఐదుకి మూడున్నర ఇస్తాను. రోజుకు ఆరేడు వచ్చే కాల్స్ ఇప్పుడు వారానికి ఒకటో రెండో.

నిన్న ఉదయం పదకొండుకి కొత్త నంబర్ నుంచి ఒకటి వచ్చింది, మళ్లీ అదే ప్లాట్. కత్తెర పక్కన పెట్టాకే ఎత్తాను, ఇప్పుడు అట్లా అలవాటు చేసుకున్నాను. పెట్టేయగానే 1909కి మెసేజ్ కొట్టి, ఆ నంబర్ ఎదురింటి వదినకు పంపాను. "నాకూ వచ్చింది, పెట్టేశాను" అంది. ఇంకా ముగ్గురు కావాలి.