మేడ మీదికి నాటుకోడా, గిరిరాజా: ఏది మేలు?

బెంగళూరులో మేడ మీద నాలుగు కోళ్లు పెంచుకుందామనుకునే మనవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇదే. గుడ్ల లెక్క ఒక్కటే చూస్తే తేల్చడం తేలిక. నాటుపెట్ట ఏడాదికి 50 నుంచి 80 గుడ్లు పెడుతుంది, అవీ విడతకు పదీ పన్నెండు చొప్పున. హెబ్బాళ పశువైద్య కళాశాల తయారుచేసిన గిరిరాజ రకం పెట్ట 130 పైచిలుకు పెడుతుంది. అక్కడే తర్వాత వచ్చిన స్వర్ణధార అంతకన్నా ఎక్కువ, 180 దాకా. కానీ నగరంలో కోడి మన ఒక్కరి వ్యవహారం కాదు. పక్కింటి పూలకుండీలు, కింది వాటాలో వాళ్ల నిద్ర, సంక్రాంతికి మనం ఊరెళితే మేత వేసే స్నేహితుల వీలు, ఇవన్నీ చూసుకోవాలి.

నాటుపెట్ట బరువు కిలో, కిలోన్నర. నాలుగడుగుల పిట్టగోడ దానికి అడ్డే కాదు, ఒక్క ఊపులో పక్క మేడ మీద ఉంటుంది. అక్కడ తులసికుండీ కెలికిందంటే మాట పట్టింపులు మొదలు. అందుకే ఒక రెక్కకు, ఒక్కదానికే, చివరి పది పొడవాటి ఈకలను సగానికి కత్తిరించాలి. బ్యాలెన్స్ తప్పి ఎగరలేదు. రెండు రెక్కలూ కత్తిరిస్తే బ్యాలెన్స్ తప్పదు, ఎంతోకొంత ఎగురుతుంది. ఈక కాడ మొదట్లో నల్లగా, నీలంగా కనిపిస్తే అందులో ఇంకా రక్తం ఉన్నట్టు, దాన్ని ముట్టుకోవద్దు. ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక మళ్లీ కత్తిరించాల్సిందే.

గిరిరాజకు ఆ గొడవ లేదు, మూడు కిలోల పెట్ట ఎక్కడికి ఎగురుతుంది? దాని కష్టమల్లా కాళ్లతోనే. రాత్రి కూర్చునే ఎత్తు కర్ర మీంచి సిమెంటు నేల మీదికి దూకీ దూకీ పాదం అడుగున శనగగింజంత నల్లటి పక్కు కడుతుంది, చుట్టూ వాచి ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. కుంటే దాకా చాలామంది గమనించరు. కర్రను అడుగున్నర ఎత్తుకు మించి కట్టకండి, అంచులు నున్నగా చెక్కండి, కింద మూడంగుళాల మందాన వరిపొట్టు పరవండి. తడిసిన పొట్టు ఆ రోజే తీసేయాలి.

మేత గిరిరాజకు రోజుకు 120 గ్రాములు, అంటే నాలుగింటికి నెలకు దాదాపు 15 కిలోలు. అందులో ఎక్కువ భాగం లేయర్ మ్యాషే, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం అమ్మే దాణాయే ఉండాలి. నూకలు, అన్నంతో సరిపెడితే గుడ్డు పెంకు పలచబడి గూట్లోనే చిట్లుతుంది. నాటుకోడి అందులో మూడింట రెండు వంతులతో, ఆకుకూర కాడలతో గడిపేస్తుంది. ఇరుగుపొరుగు ప్రేమగా తెచ్చే మిగిలిన బిర్యానీ, బూజు పట్టిన బ్రెడ్డు మాత్రం దేనికీ పెట్టకండి. ఉప్పు, బూజు రెండూ చేటే. నొచ్చుకోకుండా ఉండాలంటే "మెంతికూర కాడలు ఉంటే ఇవ్వండక్కా" అని మనమే ముందు అడగడం మంచిది.

ఊరెళ్లేటప్పుడు అప్పగించడానికి గిరిరాజే నయం. కొత్తమనిషి చేతికి కూడా దొరుకుతుంది, పొద్దు వాలగానే గూట్లోకి నడుస్తుంది. నాటుపెట్ట కొత్తవాళ్లను చూస్తే అందకుండా తిరుగుతుంది.

నాటుకోడి ముందు గిరిరాజ తలవంచే చోటు ఒకటుంది, పొదగడం. గిరిరాజ పొదుగుకు కూర్చోవడం అరుదు, కూర్చున్నా దాని పిల్లలు తల్లి అంత గుడ్లు పెడతాయన్న నమ్మకం లేదు. నాటుపెట్ట గంపలో పది పన్నెండు గుడ్ల మీద 21 రోజులు కదలదు. ఇక్కడే స్నేహితుల అవసరం. పుంజు ఉన్న ఇంటి నుంచి గుడ్లు తెచ్చుకోండి, పెట్టను మాత్రం అరువు తేవద్దు. పేలు, తెగుళ్లు దాంతోపాటే వస్తాయి; తప్పనిసరైతే రెండు వారాలు విడిగా ఉంచాలి. గుడ్లు పెట్టి వారం దాటకూడదు, కడగకూడదు, ఫ్రిజ్‌లో ఉంచకూడదు. ఆటోలో కుదుపులకు వచ్చిన గుడ్లను సన్నటి కొస కిందికి ఉంచి ఒక రాత్రి ఆగి, మర్నాడు చీకటి పడ్డాక పెట్ట కింద సర్దండి. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చి వెలుగులో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాలి. ఏమీ కనిపించకుండా తేటగా ఉన్నవి తీసేయండి.

కాబట్టి మొదటిసారి పెంచేవాళ్లకు, గుడ్ల కోసమైతే, మూడు గిరిరాజ లేదా స్వర్ణధార పెట్టలే మేలు. తినే గుడ్లకు పుంజు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి పెంచుతుంటే పుంజునూ నాటుపెట్టనూ నగర శివార్లలో, హెసరఘట్ట వైపు ఖాళీ స్థలం ఉన్నవాళ్ల దగ్గర ఉంచండి, కూత ఎవరి నిద్రా చెడగొట్టదు.

రకం ఏదైనా కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా తప్పదు, నాటుకోడికి తెగులు రాదనుకోవడం పొరపాటు. కోడిపిల్లలకు ఐదు నుంచి ఏడో రోజులోపు లసోటా అనే టీకా, కంట్లో ఒక్క చుక్క. సీసాలో వంద డోసులకు తక్కువ ఉండటం అరుదు, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. ఆరు పిల్లల కోసం సీసా విప్పితే మిగతాదంతా పారబోయడమే. అందుకే నాలుగు ఇళ్ల కోడిపిల్లలూ ఒకే వారంలో వచ్చేలా ముందే మాట్లాడుకోండి. సీసా ఐసు డబ్బాలో పెట్టుకుని, ఎండెక్కకముందే ఒకరు ఇల్లిల్లూ తిరిగి వేయొచ్చు. ఇంటింటికీ మధ్య సబ్బుతో చేతులు కడుక్కుని, చెప్పులు మార్చుకోవాలి.