వెబ్ ఆప్షన్లు పెట్టేముందు చదవండి: ‘తక్కువ ఫీజు’ కాలేజీలో మాకు జరిగింది ఇది

తెలంగాణ ఎప్‌సెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష, పాత పేరు ఎంసెట్) కౌన్సెలింగ్‌కు వెళ్తున్న పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, ఫీజు తక్కువని ఆప్షన్ల జాబితాలో ఏ కాలేజీనైనా పైన పెట్టేముందు మా లెక్క ఎక్కడ తప్పిందో చూడండి.

మా చెల్లికి 2021 ఎంసెట్‌లో 31 వేల ర్యాంకు. మేం బీసీలం, నాన్న ఆటో నడుపుతారు. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. ఫీజు 65 వేలు. ర్యాంకు 10 వేలు దాటింది కాబట్టి ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలే, అది పోను మేం కట్టాల్సింది ఏడాదికి 30 వేలు. నాలుగేళ్లకు లక్షా ఇరవై వేలు, ఎలాగోలా సర్దుకుందాం అనుకున్నాం.

బస్సు ఫీజు సంగతి మాకు తట్టనే లేదు. కాలేజీ దాకా సిటీ బస్సు లేదు, కాలేజీ బస్సే దిక్కు. మొదటి ఏడాది 28 వేలతో మొదలై చివరి ఏడాదికి 36 వేలైంది. నాలుగేళ్లలో బస్సుకే లక్షా పాతిక వేలు దాటింది, అంటే మేం కట్టిన ట్యూషన్ ఫీజు కంటే ఎక్కువ! చేరగానే యూనిఫాం, లైబ్రరీ పేరుతో పన్నెండున్నర వేలు. మూడో ఏడాది ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అని 15 వేలు నగదుగా తీసుకున్నారు. దానికి ఇచ్చిన చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. అరచేతిలో సగం లేదు. కాలేజీ పేరు లేదు, స్టాంపు లేదు. పెన్నుతో 15,000 అని రాసి, కింద ఒక గీత లాంటి సంతకం, అంతే. ఎక్కువ వసూలు చేస్తే టీఏఎఫ్‌ఆర్‌సీకి, అంటే కాలేజీ ఫీజులు చూసే రాష్ట్ర కమిటీకి, ఫిర్యాదు చేయొచ్చని తర్వాత తెలిసింది. కానీ ఆ చీటీ పట్టుకుని ఏం నిరూపిస్తాం?

అసలు దెబ్బ చివర్లో తగిలింది. నిరుడు చెల్లి పాసైంది, చిన్న ఉద్యోగం కూడా వచ్చింది. జాయినింగ్‌కు సర్టిఫికెట్లు కావాలని వెళ్తే, రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి రాలేదు, ఆ 70 వేలు మీరే కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అన్నారు. చేరిన రోజు తీసుకున్న టెన్త్, ఇంటర్ మెమోలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. కౌంటర్ వెనక బీరువాలో దారం కట్టిన కట్టల మధ్య చెల్లి ఫైలు కనిపిస్తూనే ఉంది, చేతికి మాత్రం రాలేదు. నాలుగుసార్లు తిరిగాం. జాయినింగ్ తేదీ దగ్గరపడుతుంటే ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. చివరికి అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టాం.

ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగిచ్చేయాలని యూనివర్సిటీలు, కాలేజీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ రోజు మాకు ఈ ముక్క తెలియదు. మీరు జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వండి. టీసీ తప్ప వేరే ఒరిజినల్ అడిగితే, తీసుకున్నట్టు రాసిమ్మని గట్టిగా అడగండి.

ఆప్షన్లు పెట్టకముందే కాలేజీకి వెళ్లి, ఆఫీసులో కాదు, బస్సు దగ్గర నిలబడ్డ సీనియర్లను అడగండి. పోయినేడాది మొత్తం ఎంత కట్టారు, రీయింబర్స్‌మెంట్ రాకపోతే ఏం చేస్తున్నారు అని. పిల్లలు దాచరు. ఇంకో మాట, గేటు మీద ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) బోర్డు చూసి మేం మురిసిపోయాం. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా, కొన్నేళ్లకే ఇస్తారు. మీ బ్రాంచికి ఉందో లేదో, గడువు ఎప్పటిదాకానో ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.

జేఎన్‌టీయూ సొంత కాలేజీలు మంథని, సుల్తాన్‌పూర్‌లను దూరమని కింద పెట్టాం. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపుతామని అమ్మ భయపడింది. సీటు వచ్చేదో రాదో గానీ, హాస్టల్ ఖర్చు వేసి చూడకుండానే కిందికి నెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఆ 70 వేలు ఇంకా తిరిగి రాలేదు. కట్టినప్పుడు రసీదు మీద ‘రీయింబర్స్‌మెంట్ వచ్చాక వాపసు’ అని రాయించుకోలేదు. మీకు అలాంటి పరిస్థితి వస్తే ఆ ఒక్క లైను రాయించుకోకుండా డబ్బు కట్టకండి.