ఏపీఐ అమ్మోనియా కిట్టు: చెన్నై తొట్టిలో 0.25 అంటే ఎంత?

చెన్నైలో పెంపుడు చేపలమ్మే కొళత్తూరు కొట్లలో చేపను సంచిలో చూసి మంచిచెడ్డలు చెప్పగలం గానీ, నీళ్లలో అమ్మోనియాను కంటితో పట్టలేం. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే, మొప్పలు ఎర్రబడ్డాయంటే అప్పటికే ఆలస్యమైనట్టే. ఏపీఐ కంపెనీ అమ్మోనియా పరీక్ష కిట్టు ఆ సంగతి ముందే చెబుతుంది. పెట్టెలో రెండు చుక్కల సీసాలు, మూతున్న గాజు గొట్టం, రంగుల కార్డు ఉంటాయి. సుమారు 130 పరీక్షలకు వస్తుంది. ఒకటి రెండు తొట్లున్న ఇంటికి ఇది కొనదగ్గ వస్తువే, కాకపోతే దీని అంకెను పీహెచ్‌తో (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత) కలిపి చదవాలి. విడిగా చదివితే ఊరికే భయపెడుతుంది, లేకపోతే లేనిపోని ధైర్యం ఇస్తుంది.

ముందు పరీక్ష సరిగ్గా చేయడం. తొట్టి నీళ్లతోనే గొట్టాన్ని రెండుసార్లు తొలిచి 5 మి.లీ. గీత దాకా నింపండి. గొట్టంలో నీటి మట్టం మధ్యలో కాస్త పల్లంగా కనిపిస్తుంది, ఆ పల్లం అడుగు గీతను తాకాలి. మొదటి సీసాను నిటారుగా తలకిందులు చేసి 8 చుక్కలు వేయండి. వాల్చి పట్టుకుంటే చుక్క పరిమాణం మారిపోతుంది, సగం తప్పుడు రీడింగులు ఇక్కడే పుడతాయి. మూత పెట్టి ఊపి, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేసి, 5 సెకన్లు గట్టిగా ఊపి, 5 నిమిషాలు ఆగి చూడాలి. అరగంట తర్వాత చూసిన రంగు లెక్కలోకి రాదు. మూత బదులు బొటనవేలు అడ్డం పెట్టొద్దు: చెమటలోని అమ్మోనియా అంకెను పెంచుతుంది, పైగా రెండో సీసాలోది క్షారం, చర్మాన్ని కాలుస్తుంది.

అసలు చిక్కు రంగు చదవడంలో ఉంది. సున్నా అంటే నిమ్మపండు పసుపు, 0.25 పీపీఎం (లీటరుకు 0.25 మి.గ్రా.) అంటే అదే పసుపులో లేత ఆకుపచ్చ జీర. ఈ రెంటికీ తేడా వెంట్రుకవాసి. ఎల్‌ఈడీ బల్బు కింద సున్నా కూడా ఆకుపచ్చగా కనిపించొచ్చు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, గొట్టాన్ని కార్డు తెల్లటి భాగానికి ఆనించి పక్కనుంచి చూడండి. ఇంకా నమ్మకం కుదరాలంటే రెండో గొట్టం కొనుక్కుని, తాగే క్యాన్ నీళ్లకు అదే పరీక్ష అదే సమయంలో చేయండి. రెండు గొట్టాలూ ఒకే రంగులో ఉంటే మీ తొట్టి సున్నా కిందే లెక్క, కార్డు ఏం చెప్పినా సరే. ఇదే పని తొట్టిలో పోసే బోరు నీళ్లకూ లారీ నీళ్లకూ ఒకసారి చేయాలి. మురుగు కలిసిన బోరులో అమ్మోనియా ముందే ఉంటే, నీళ్లు మార్చిన కొద్దీ తొట్టిలో అది అలాగే ఉంటుంది.

ఇక అంకె అర్థం. కిట్టు చూపేది మొత్తం అమ్మోనియా. అందులో చేపకు విషమయ్యేది విడి అమ్మోనియా, మిగతాది అమ్మోనియం రూపంలో చాలావరకు నిరపాయం. ఈ వాటాను పీహెచ్, వేడిమి నిర్ణయిస్తాయి. చెన్నై ఎండల్లో తొట్టి నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉండటం మామూలే. ఆ వేడిలో పీహెచ్ 7 దగ్గర విషం వాటా 0.8 శాతం, పీహెచ్ 8 దగ్గర 7.5 శాతం. అంటే కార్డు మీద 1 పీపీఎం కనిపిస్తే మొదటి తొట్టిలో విషం 0.008, రెండోదానిలో 0.075. సాధారణంగా 0.02 దాటనివ్వకూడదంటారు, 0.05 దగ్గర మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. కాబట్టి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ల తొట్టిలో 0.25 అంటేనే గీత మీద నిలబడ్డట్టు: ఆ రోజు మేత ఆపి, పావు వంతు నీళ్లు మార్చి, మర్నాడు మళ్లీ చూడాలి. 1 వస్తే అదే రోజు సగం మార్చాలి.

నెలల తరబడి నీళ్లు మార్చని పాత తొట్టి సంగతి వేరు, అక్కడ ఈ సలహానే ప్రాణం తీస్తుంది. అలాంటి తొట్టిలో పీహెచ్ 6.2కు జారిపోయి, కిట్టు 4 చూపిస్తున్నా చేపలు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే విషం 0.005 మాత్రమే. కంగారుపడి సగం బోరు నీళ్లు పోస్తే మొత్తం 2కు దిగుతుంది గానీ, పీహెచ్ 7.6కు ఎక్కిందంటే విషం 0.06 అవుతుంది. అమ్మోనియా సగానికి తగ్గి, విషం పన్నెండింతలు పెరిగింది! అక్కడ రోజుకు పదో వంతు చొప్పున మార్చుకుంటూ పోవాలి.

ఈ లెక్కలకు పీహెచ్ కిట్టు తప్పనిసరి. ఏపీఐ మామూలు పీహెచ్ కిట్టు 7.6తో ఆగిపోతుంది, నీళ్లు 8.2 ఉన్నా అదే నీలం. మన బోరు నీళ్లకు 7.4 నుంచి 8.8 దాకా చూపే హై రేంజ్ కావాలి. మాస్టర్ కిట్టులో రెండూ ఉంటాయి, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ కూడా. కొత్త తొట్టి పెట్టేవాళ్లు విడివిడిగా కాక అదే తీసుకోవడం మేలు.

అమ్మోనియాను కట్టేసే మందు నీళ్లలో వేశాక కూడా ఈ కిట్టు అంకె తగ్గదు, మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ పోయకండి. విడి అమ్మోనియాను మాత్రమే చూడాలంటే సీచెమ్ అమ్మోనియా అలర్ట్ అనే బిళ్ల తొట్టి లోపల అంటించుకోవచ్చు. రోజూ కంటికి కనిపిస్తుంది, కానీ మొదటి హెచ్చరిక గుర్తే 0.05 గనక చిన్న మార్పులు పట్టదు. కిట్టుకు తోడుగా సరే, బదులు కాదు. నెస్లర్ అనే వేరే రసాయనంతో పరీక్షించే కిట్లు ఇలాంటి మందులు వేసిన నీళ్లలో తప్పు చూపుతాయి. ఇక చవక స్ట్రిప్పుల్లో చాలావాటికి అమ్మోనియా గడే ఉండదు, పెట్టె మీద చదివి కొనండి.

ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద కడిగాకా, కరెంటు చాలాసేపు పోయాకా, కొత్త చేపలు వేశాకా మర్నాడు పరీక్ష చేయడం అలవాటు చేసుకోండి. అమ్మోనియాను తినేసే ఫిల్టరు బ్యాక్టీరియా దెబ్బతినేదీ, దానికి పని పెరిగేదీ అప్పుడే. అంకె 8 దాటేలా ఉంటే 1 మి.లీ. తొట్టి నీళ్లకు 4 మి.లీ. క్యాన్ నీళ్లు కలిపి పరీక్షించి అయిదుతో గుణించండి.

కొనేటప్పుడు సీసా మీది లాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చూడండి, అవి తయారైన నెల, సంవత్సరం. మూడేళ్లు దాటిన సీసా ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ఎండ తగిలే అరలో పెట్టి అమ్మే కొట్టునుంచీ వద్దు.