మారిషస్‌లో బస: తూర్పు తీరమా, పడమటి తీరమా?

ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లే. అంత చిన్న చోట ఎటు దిగినా ఒకటే అనిపిస్తుంది కానీ, ఇక్కడ వాతావరణం గంట ప్రయాణంలో మారిపోతుంది.

కారణం ఆ దీవి పుట్టుకలోనే ఉంది. అగ్నిపర్వతాల లావా పేరుకుని మధ్యలో పీఠభూమి ఏర్పడింది. ఆగ్నేయం నుంచి వచ్చే వ్యాపార పవనాలు దాన్ని ఎక్కుతూ చల్లబడి, అక్కడే కురిసేస్తాయి. అందుకే ఆ పీఠభూమి మీద, ట్రూ ఓ సెర్ఫ్ అనే అగ్నిపర్వత బిలం ఉన్న క్యూర్‌పిప్ ఊరు ఎప్పుడూ ముసురే. పడమటి ఫ్లిక్ అన్ ఫ్లాక్‌కు వచ్చేసరికి మేఘంలో సరుకుండదు. మన అనంతపురంలాగే అదీ వర్షచ్ఛాయా ప్రాంతం, కాకపోతే పక్కనే సముద్రం!

తూర్పున బెల్ మార్‌లో ఇసుక తెల్లగా, తీరం పొడవుగా ఉంటుంది. అందంలో నా ఓటు దానికే. కానీ దక్షిణార్ధగోళం కదా, మన వేసవి సెలవుల వేళకు అక్కడ చలికాలం మొదలవుతుంది. జూలై, ఆగస్టుల్లో అయితే తూర్పు గాలి చెవుల్లో హోరుమంటుంది, పిల్లలు నీళ్లలోంచి వణుకుతూ వస్తారు. ఆ నెలల్లో పడమరే మేలు. సూర్యాస్తమయం సరేసరి. 556 మీటర్ల లె మోర్న్ కొండ, షమరెల్ రంగుల మట్టి కూడా అటువైపే. అయితే లె మోర్న్ దగ్గర గాలి తగ్గుతుందనుకోకండి, కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నీళ్లపై జారే ఆట) వాళ్లు అక్కడికి చేరేది అందుకే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు లెక్క తిరగబడుతుంది. పడమట ఉక్కపోత, తూర్పున ఆ గాలే హాయి. అవి తుఫాను నెలలు కూడా. ఈ విషయంలో ఏ తీరానికీ మినహాయింపు లేదు: 2024 జనవరిలో బెలాల్ తుఫానుకు వరద ముంచెత్తింది వాయవ్యాన ఉన్న పోర్ట్ లూయీనే. మారిషస్‌లో తెలుగువాళ్ల ఉగాది ప్రభుత్వ సెలవుదినం. అది చూడాలని మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే, తుఫాను కాలం ఇంకా పూర్తిగా ముగియదని గుర్తుంచుకోండి.

మే నుంచి సెప్టెంబరు దాకా అయితే కళ్లు మూసుకుని పడమట బుక్ చేయండి. బెల్ మార్‌కు గాలి లేని రోజు చూసి ఒక పూట వెళ్లొస్తే చాలు. ఎత్తు మీద ఉన్న గ్రాండ్ బాసిన్ సరస్సుకు వెళ్లే రోజు మాత్రం, తీరంలో ఎండ ఎంత ఉన్నా, స్వెటరూ గొడుగూ కారులో పడేసుకోండి.