బాన్ ఆ, బెర్లిన్ ఆ? జర్మనీ రాజధాని కథ

జర్మనీ రాజధాని అంటే ఇప్పుడు అందరం బెర్లిన్ అనేస్తాం గానీ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశం తూర్పు, పశ్చిమ జర్మనీలుగా చీలాక, 1949 నుంచి పశ్చిమ జర్మనీ ప్రభుత్వం నడిచింది రైన్ నది ఒడ్డునున్న బాన్ అనే చిన్న ఊళ్ళో, అదీ తాత్కాలికం అని చెప్పే పెట్టారు, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి పెద్ద సిటీకి ఇస్తే అదే పర్మనెంట్ అయిపోయి బెర్లిన్ సంగతి మర్చిపోతారేమోనని చాలామంది భయం.

బాన్‌లో నాకు బాగా నచ్చేది ఆడంబరం లేకపోవడం. కొత్త సభా మందిరం కట్టేదాకా, 1986 నుంచి కొన్నేళ్ళు పార్లమెంటు కూర్చుంది పాత వాటర్‌వర్క్స్ బిల్డింగ్‌లో! ఊరికి నీళ్ళు తోడిన పంప్ హౌస్ అండీ అది.

బెర్లిన్‌ది బరువైన చరిత్ర. 1871 నుంచి రాజధాని, తర్వాత హిట్లర్, యుద్ధం, 1961లో ఊరిని తూర్పు, పశ్చిమాలుగా చీల్చిన గోడ. 1990లో దేశం ఒకటయ్యాక ఒప్పందంలో రాజధాని బెర్లిన్ అని రాశారు, కానీ పార్లమెంటు, ప్రభుత్వం ఎక్కడుండాలో తేల్చలేదు. 1991 జూన్ 20న ఆ పంప్ హౌస్‌లోనే గంటల తరబడి చర్చ జరిగి ఓటింగ్ పెడితే బెర్లిన్‌కి 338, బాన్‌కి 320. 18 ఓట్లే తేడా!

నా ఓటు మాత్రం బెర్లిన్‌కే, ఎందుకంటే తూర్పు వాళ్ళని కలుపుకున్నాం అని నోటితో చెప్పి రాజధాని పశ్చిమంలోనే ఉంచుకుంటే వాళ్ళకి ఎలా ఉంటుంది చెప్పండి. 1999లో పార్లమెంటు బెర్లిన్‌లోని పాత పార్లమెంటు భవనం రైష్‌టాగ్‌కి మారింది, 1945లో సోవియట్ సైనికులు గోడల మీద బొగ్గుతో రాసుకున్న పేర్లు ఇప్పటికీ అక్కడ చెరపకుండా ఉంచారు. బాన్‌నీ గాలికొదిలేయలేదు, కొన్ని మంత్రిత్వ శాఖల ప్రధాన ఆఫీసులు అక్కడే ఉన్నాయి, ఐక్యరాజ్యసమితి ఆఫీసులూ వచ్చాయి.